ఊకొట్టు కొలువు

ఎప్పటి మాటో తెలియదు, ఏ దిక్కునో అడగకండి. కొండలూ అడవులూ తప్ప చెప్పుకోదగ్గ సంపద లేని ఒకానొక రాజ్యంలో, ఆ కొండలను మించిన గొప్పలు చెప్పుకునే రాజు ఉండేవాడు. రాజ్యం పేరు మొగలిదుర్గం. రాజు పేరు ప్రచండభూపతి.

ప్రచండభూపతి చెడ్డవాడేమీ కాడు. కరువు వస్తే పన్ను మాఫీ చేసేవాడు, ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టించేవాడు. కాని వేట మాట ఎత్తితే మాత్రం ఆయనకు పూనకం వచ్చేది. ఒకే బాణంతో రెండు దుప్పులను పడగొట్టాననీ, ఆ బాణం తిరిగివచ్చి తన అమ్ములపొదిలో బుద్ధిగా కూర్చుందనీ చెప్పేవాడు. పులి తనను చూసి దండం పెట్టిందనేవాడు. సభలోని వాళ్ళు వినీ వినీ విసిగిపోయారు. రాజు మీసం మీద చెయ్యి వేయడం ఆలస్యం, మంత్రికి దగ్గు తెర వచ్చేది, సేనాపతికి గుర్రాల దాణా సంగతి గుర్తొచ్చేది.

ఊఁ కొట్టేవాడు లేకపోతే కథ చెప్పేవాడికి నోరు ఆడుతుందా? ఆడదు. అందుకని రాజు ఏ రాజ్యంలోనూ లేని కొలువు ఒకటి కొత్తగా పెట్టాడు. దానికి ఊకొట్టు కొలువని పేరు. ఆ కొలువులో కుదిరినవాడు కదిరప్ప.

కదిరప్పకు ఆ పని వెన్నతో పెట్టిన విద్య. ఊఁ అనే ఒక్క మాటను ఎన్ని రకాలుగా పలికేవాడో! భయపడుతూ ఊఁ, ముచ్చటపడుతూ ఊఁ, 'తర్వాత ఏమైంది ప్రభూ' అని ఆత్రపడే ఊఁ, దుప్పి నేలకూలినప్పుడు అయ్యో పాపమనే ఊఁ. ఆ ఊఁలకు మురిసిపోయి రాజు కూర్చున్నచోటనే ఇంకో దుప్పిని కొట్టేవాడు.

ఈ కదిరప్ప పుట్టింది అడవి అంచున ఉన్న ఇర్లపెంటలో. అది వేటగాళ్ళ పల్లె. అక్కడివాళ్ళకు కూడు పెట్టేదీ పరువు తెచ్చేదీ దుప్పి వేటే. తల్లి చిన్నప్పుడే పోతే కదిరప్పను మేనత్త ఈరక్క పెంచింది. ఆమె ఆ పల్లెకు పెద్దదిక్కు. ఏ ఏటికాయేడు వేట ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది ఆమే. మేనల్లుడికి కోటలో కొలువు దొరికిందని ఆమె మొదట సంతోషించింది. చేసే పనేమిటో తెలిశాక మాత్రం అతనితో మాటలు మానేసింది.

"బాణమేసే ఇంట్లో పుట్టి ఊఁలు అమ్ముకుని తింటా ఉండాడంట. వాడు నాకేమీ కాడు" అని ఆమె పదిమందిలో అన్న మాట కోటదాకా వచ్చి కదిరప్ప చెవిన పడింది. ఆ రోజు అతనికి అన్నం సయించలేదు.

రాజు సంగతి ఇంకొకటి చెప్పాలి. ఆయన ఏ కాగితం మీదా సంతకం చేసేవాడు కాడు. మంత్రి ఒక విన్నపం చదివితే 'ఊఁ' అనేవాడు, అది శాసనం. 'ఊహూఁ' అంటే అది చెల్లదన్నమాట. ఊఁ అన్న మరుక్షణం చాటింపు వేసే నాగడు డప్పు అందుకుని వీధిన పడేవాడు. డప్పు మోగాక మాట వెనక్కి తీసుకోవడం తమ వంశంలోనే లేదని ప్రచండభూపతి మహా గర్వంగా చెప్పుకునేవాడు.

ఇలా ఉండగా పొరుగు రాజ్యం నుంచి ఆయన వియ్యంకుడు వస్తున్నట్టు కబురు వచ్చింది. ఆ వియ్యంకుడి కోటలో గోడ గోడకూ దుప్పి కొమ్ములే. పెళ్ళిలో ఆ గోడలు చూసినప్పటినుంచీ మన రాజుకు కడుపు రగిలిపోతోంది.

"మా గోడలు బోసిగా ఉంటే ఆ మనిషి మూతి ఎలా తిప్పుతాడో నాకు తెలుసు. ఎల్లుండే దుప్పుల వేట! ఇర్లపెంటవాళ్ళు అడవి తోలి దుప్పులను నా ముందుకు తరమాలి" అని ఆజ్ఞాపించాడు రాజు.

భటులు వెళ్ళి, మొహాలు వేలాడేసుకుని తిరిగివచ్చారు.

"ప్రభూ, ఇప్పుడు కుదరదంటున్నారు. దుప్పుల కొత్త కొమ్ములు ఇంకా ముదరలేదట, వాటి మీద లేత నూగు రాలలేదట. తల్లుల పొట్ట కింద పిల్లలు పాలు తాగుతున్నాయట. ఇప్పుడు తోలితే వచ్చే ఏటికి అడవిలో దుప్పి అనేదే ఉండదని, ఈరక్క అనే ఆడమనిషి మా మొహం మీదే చెప్పింది."

రాజు మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "నా అడవిలో నాకు వేళ చెప్పడానికి ఆమె ఎవరు? రేపు నేనే వెళతాను. తోలితే సరి. లేదంటే పల్లె ఖాళీ చేసి పోవలసిందే!" అని, అలవాటుగా కదిరప్ప వైపు తిరిగి, "ఏమంటావోయ్?" అన్నాడు.

కదిరప్ప నోట ఊఁ రాలేదు. పుట్టిన ఊరు పోతుంది. ఆ ఊరిని పోగొట్టిన రాజుకు ఊఁ కొట్టిన మనిషిగా తాను మిగిలిపోతాడు. చేతులు జోడించాడు.

"ప్రభూ, రేపు నన్నూ వెంట తీసుకువెళ్ళండి. ఇర్లపెంటలో ఇప్పుడు విల్లుల పందిరి వేసి ఉంటారు. వేట కాలం వచ్చేలోగా అందరూ అక్కడ చేరి విల్లులు సరిచేసుకుంటూ కథలు చెప్పుకుంటారు. తమ కథ గనక అక్కడ చెబితే, నా ఒక్క గొంతు కాదు, పల్లె పల్లెంతా ఊఁ కొడుతుంది."

పల్లెంతా ఊఁ కొట్టడం! రాజు ముఖం విప్పారింది. "అయితే బయల్దేరు" అన్నాడు.

మర్నాడు ఉదయం రాజు పరివారం ఇర్లపెంట చేరేసరికి పందిరి కింద సందడిగా ఉంది. పచ్చి ఆకులతో కప్పిన పెద్ద పందిరి అది. ఒకరు వెదురు విల్లును సెగ చూపి వంచుతున్నారు. ఒకరు తొడ మీద నార వేసి నారి పేనుతున్నారు. బాణాల ములుకులు నూరేవాళ్ళ చేతికింద రాళ్ళు గరగరమంటున్నాయి. ఆడవాళ్ళు వలల చిరుగులు ముడివేస్తున్నారు. పనికంటే మాటలే జోరుగా నడుస్తున్నాయి.

"నిరుడు వాగు మలుపులో నేను కొట్టిన దుప్పి ఉండాదే, దాని కొమ్ముల మీద నా కొడుకు ఉయ్యాల కట్టుకున్నాడు" అంటున్నాడు దాసన్న అనే బక్కపలచటి వేటగాడు.

"ఊఁ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"ఈ ఏడు దాని అన్న వస్తాదంట, నన్ను అడగడానికి!"

"ఊఁ!"

వాళ్ళను చూస్తే కదిరప్పకు గుండె ఉప్పొంగింది. తలవంచని మనుషులు వాళ్ళు. రేపు ఊరు ఉంటుందో ఊడుతుందో తెలియని స్థితిలోనూ నారి పేనడం ఆపలేదు, గొప్పలు చెప్పుకోవడం ఆపలేదు. తానూ వీళ్ళలో ఒకణ్ణేనని అతనికి ఎలుగెత్తి చెప్పాలనిపించింది. ఈరక్క మాత్రం అతన్ని చూసి మొహం అటు తిప్పుకుంది.

రాజు పందిట్లోకి రాగానే అందరూ లేచి దండం పెట్టారు. వేట సంగతి ఎత్తబోయేలోగా కదిరప్ప ముందుకు వచ్చాడు.

"ప్రభూ, ఈ పందిరికి ఒక కట్టుబాటు ఉంది. దీని కింద ఒకరు కథ చెబితే మిగిలినవాళ్ళంతా ఊఁ కొట్టాలి. ఊఁ తప్పినవాడు ఆ ఏడు విల్లు పట్టకూడదు. ఎదురుగా చెప్పే కథే వినబడనివాడికి పొదలో దుప్పి అలికిడి ఏం వినబడుతుందని పెద్దల మాట."

"ఎంత మంచి మాట!" అన్నాడు రాజు, వినేది వాళ్ళు గదా అని. మీసం దువ్వుకుని తన కథ మొదలుపెట్టాడు. ఒక్క బాణం, రెండు దుప్పులు, దండం పెట్టిన పులి. పల్లె మొత్తం ఎక్కడా తప్పకుండా ఊఁ కొట్టింది. పందిరి అదిరిపోయింది. రాజుకు ఆనందబాష్పాలు వచ్చాయి.

"ఇప్పుడు పందిరి తరఫున ఒక కథ చెప్పాలి ప్రభూ, తమరు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టనివారికి వేట లేదు" అన్నాడు కదిరప్ప.

"ఊఁ కొట్టడం ఎంత పని? చెప్పవోయ్!"

"అనగనగా ఒక మహారాజు. ఆయన విల్లు ఎక్కుపెడితే కొండలు కూడా పక్కకు జరిగేవి."

"ఊఁ!" అన్నాడు రాజు.

పాపం, ఆయనకు కథలకు ఊఁ కొట్టిన అలవాటు ఎక్కడిది? తెలిసిన ఊఁ ఒక్కటే. సింహాసనం మీద కూర్చుని శాసనం వేసే ఊఁ. అది చెవిన పడగానే పరివారంతో వచ్చి పందిరి బయట నిలబడ్డ నాగడు ఉలిక్కిపడి డప్పు అందుకున్నాడు. "అహో విన్నారా! మహారాజు విల్లు ఎక్కుపెడితే కొండలు పక్కకు జరుగుతాయహో!"

రాజు తెల్లబోయి, వెంటనే పకపకా నవ్వాడు. "కొట్టనీ, కొట్టనీ! భలే ఉంది. నువ్వు చెప్పు!"

"ఆ మహారాజు పేరు ప్రచండభూపతి. అంతటి వేటగాడు భూమి మీద పుట్టలేదు."

"ఊఁ!" డప్పు మోగింది.

"ఒకనాడు ఆయన అడవికి వస్తే ఒక పెద్ద దుప్పి ఎదురొచ్చి నిలబడింది. 'మహారాజా, తమ చేతిలో చావడం నాకు గౌరవం. కాని నా కొమ్ముల మీద నూగు చూడండి. ఈ పచ్చి కొమ్ములు గోడకు తగిలిస్తే నాలుగు రోజుల్లో కుళ్ళి కంపు కొడతాయి. వచ్చిన వియ్యంకుడు ముక్కు మూసుకుంటాడు' అంది."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. వియ్యంకుడు ముక్కు మూసుకోవడం కళ్ళకు కట్టింది. "ఊఁ..." అన్నాడు నెమ్మదిగా.

"దారిన పోయే ప్రతివాడూ దొరికినదాన్ని కొడతాడు. మహారాజు మాత్రం తనకు తగిన కొమ్మునే కొడతాడు!"

"ఊఁ! ఊఁ!" రాజు ఛాతీ విరుచుకున్నాడు. డప్పు రెండుసార్లు మోగింది.

కదిరప్ప గొంతు పెంచాడు, ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదు. "అందుకని ఆ మహారాజు ఆజ్ఞ వేశాడు! దుప్పి కొమ్ముల నూగు రాలి, ఇర్లపెంట ఈరక్క సరే అనేదాకా ఈ అడవిలో రాజైనా సరే బాణం వేయరాదు!"

"ఊఁ!"

అనేసింది రాజు నోరు. అన్నాక చెవికి ఎక్కింది. ఈలోగా నాగడు డప్పు మోగిస్తూ వీధిలో పరుగెత్తుతున్నాడు. "అహో విన్నారా! నూగు రాలేదాకా రాజైనా సరే బాణం వేయరాదహో!"

"ఆపండ్రా వాణ్ణి!" అని రాజు గావుకేక పెట్టాడు. అప్పటికే చాటింపు పల్లె దాటిపోయింది. భటుల చేతులు కత్తుల మీదికి వెళ్ళాయి. పందిట్లో నారి పేనే చేతులన్నీ ఆగిపోయాయి.

"కదిరప్పా! ఎంత మోసం! నేనన్నది కథకు కొట్టిన ఊఁ. శాసనానికి కాదు. కథకు కొట్టే ఊఁకు విలువేముంది?"

కదిరప్ప వంగి దండం పెట్టాడు. తర్వాత తల ఎత్తి నిలబడ్డాడు.

"చిత్తం ప్రభూ. తమరు ఎలా అంటే అలాగే. కథకు కొట్టే ఊఁకు విలువ లేదని నాగడి చేత ఇప్పుడే మరో చాటింపు వేయించండి. కాని ఒక్క చిక్కు ఉంది. ఇన్నేళ్ళుగా తమ రెండు దుప్పులకూ, వెనక్కి తిరిగొచ్చిన బాణానికీ, దండం పెట్టిన పులికీ నేను కొట్టినవన్నీ కథకు కొట్టిన ఊఁలే. ఇందాక ఈ పల్లె కొట్టినవీ అవే. వాటికీ విలువ లేదని లోకానికి తెలిసిపోతుంది. వియ్యంకులవారు కూడా వింటారు."

రాజు మనసులో లెక్క వేసుకున్నాడు. ఊఁ నిజమంటే వేట లేదు. ఊఁ ఉత్తదంటే తాను కొట్టిన దుప్పులన్నీ లేచి అడవిలోకి పారిపోతాయి. కొంతసేపు కదిరప్పను మింగేసేట్టు చూసిన ఆ కళ్ళు మెల్లగా చిన్నవయ్యాయి.

"ఒరే కదిరప్పా, నిజం చెప్పు. నీ తల తీయను. ఇన్నేళ్ళలో నా కథ ఒక్కటైనా నమ్మావా?"

కదిరప్ప తల గోక్కున్నాడు. కొలువులో చేరిన నాటినుంచీ ఆ నోట ఎన్నడూ రాని మాట అప్పుడు వచ్చింది.

"ఊహూఁ."

ప్రచండభూపతి విరగబడి నవ్వాడు. తలపాగా జారి పడిపోయినా పట్టించుకోలేదు. పందిరి గుంజ పట్టుకుని మరీ నవ్వాడు. భటులు నవ్వారు, దాసన్న నవ్వాడు, పందిరంతా నవ్వింది.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, రాజు తన చేతి కంకణం తీసి కదిరప్ప చేతికి తొడిగాడు. "ఈ క్షణం నుంచి నీకు ఊకొట్టు కొలువు లేదు. ఇకమీదట నీది ఊహూఁ కొట్టే కొలువు. నేను కోతలు కోసినప్పుడల్లా సభలో నలుగురూ వినేట్టు ఊహూఁ అనాలి. జీతం రెట్టింపు. ఈ అడవిలో వేట వేళ చెప్పే హక్కు ఎప్పటికీ ఇర్లపెంటదే. నూగు రాలాక కబురు పెట్టండి, నేనూ వచ్చి మీతోబాటు నారి పేనుతాను. వియ్యంకుడికి ఈసారి బోసి గోడలే చూపిస్తాను, ఏం చేస్తాడో చూద్దాం!"

తర్వాత కదిరప్పను ఎగాదిగా చూసి అడిగాడు. "ఇంత ధైర్యం నీకు ఎక్కణ్ణుంచి వచ్చిందోయ్? ఎవరి బిడ్డవు నువ్వు?"

కదిరప్ప చూపు ఈరక్క మీదికి పోయింది. తల వంచుకున్నాడు.

అప్పుడు వలల మధ్య నుంచి ఈరక్క లేచింది. చేతిలోని వల కింద పడేసి, నడిచివచ్చి కదిరప్ప పక్కన నిలబడింది. అతని రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది.

"నా మేనల్లుడు సామీ. నేనే పెంచినా" అంది, ఊరు ఊరంతా వినబడేట్టు.

"ఊఁ!" అంది పందిరి.