రసాధిపతి శని

కరువొస్తుందని ఊరంతా చాటేవాడా, ముందు నీ ఇల్లు సరిగ్గా చూసుకో. ఆకాశం సంగతి తర్వాత చూద్దువుగాని.

సాలూరులో సోమయాజులు సిద్ధాంతిగారి శిష్యుడు యజ్ఞన్నకు ఈ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు. ఉగాది నాడు గురువుగారి గొంతు బొంగురుపోతే పంచాంగం అతనే చదివాడు.

"ఈ ఏడు రసాధిపతి శని. నూనెలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. పైగా ఇరవై ఏళ్ళకోసారి వచ్చే గురుశనుల కలయిక. ప్రపంచమంతటా చమురు బావులు ఎండుతాయి. మన పొయ్యిలు ఆరిపోతాయి!"

పొయ్యిల మాట పంచాంగంలో లేదు. అది యజ్ఞన్న సొంతం.

జనం డబ్బాలు పట్టుకుని పరిగెత్తారు. వారం తిరక్కుండా ఊళ్ళో కిరసనాయిలు చుక్క లేకుండా పోయింది.

యజ్ఞన్న కాళ్ళు నేల మీద ఆనలేదు. వచ్చే ఏటికి తాను కట్టిన గణితం కాగితాలు తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు.

"ఫలితం చూశారుగా గురువుగారూ! ఈసారి పంచాంగం మీద మీ పేరు కింద నా పేరు కూడా వేయించండి."

సిద్ధాంతిగారికి చూపు తక్కువ. కాగితాలు ముఖానికి దగ్గరగా పెట్టుకున్నారు. ముక్కు చిట్లించి, వాటిని మడిచి చంకలో పెట్టుకుని లేచారు.

"పద, బజారు దాకా వెళ్ళొద్దాం."

బజారులో పైడితల్లి ఇడ్లీల బండి ఉంది. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని దాని మీదే సాకుతోంది. స్టవ్వు చల్లగా పడి ఉంది.

"ఏమ్మా, ఇవాళ ఇడ్లీ లేదా?"

"నూనె నేదు బాబూ. ఆరు రోజులైనాది పొయ్యెలిగించి. శనిగారు అట్టుకుపోనాడని ఈ పంతులుగారే సెప్పినారు. మీకు అగుపిస్తే నాకో సీసాడు ఇమ్మని సెప్పండి."

గురువుగారు శిష్యుడి వైపు తిరిగారు. "శని ఒక రాశిలో ఎన్నాళ్ళుంటాడురా?"

"రెండున్నరేళ్ళండీ."

ఆయన కాగితాల కట్ట తీసి అతని ముక్కు దగ్గర పెట్టారు. "మీ అటక మీద?"

కిరసనాయిలు వాసన గుప్పుమంది. ఉగాదికి నాలుగు రోజుల ముందే కొని అటకెక్కించిన రెండు డబ్బాల పక్కనే యజ్ఞన్న ఆ కట్ట దాచుకున్నాడు. వాసన పైడితల్లికీ తగిలింది. అతను తలెత్తలేకపోయాడు.

ఎర్రటి ఎండలో, అందరూ చూస్తుండగా, రెండు డబ్బాలూ భుజాన మోసుకొచ్చి బండి దగ్గర దించాడు. కాసేపటికి ఇడ్లీపాత్ర మీద ఆవిరి లేచింది.

"శనిగారు బేగే దిగిపోనాడే!" అంది పైడితల్లి. బజారంతా నవ్వింది. యజ్ఞన్నకూ నవ్వొచ్చింది.

తిరిగి వెళుతుంటే గురువుగారు అన్నారు. "గురుడు రాశిచక్రం ఒక చుట్టు తిరిగిరానీ నాయనా. అప్పటిదాకా లెక్కలు నువ్వు కట్టు. ఫలితం మాత్రం చెప్పకు."

ఆ చుట్టు పన్నెండేళ్ళు. పన్నెండు ఉగాదులూ యజ్ఞన్న జనంలో కూర్చుని, తాను కట్టిన పంచాంగాన్ని ఇంకొకరి నోట విన్నాడు.