మేఘవల్లి మేలిముసుగుకి ఇస్త్రీ

రాజావరంలో వజ్రగిరి గాథకి అభిమానులు చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళంతా ఈలలు వేసి కాగితాలు చింపే రకం. తెలివైన అభిమానులు మాత్రం ముగ్గురే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, ఆ ముగ్గురే అనుకున్నారు. వాళ్ళ అభిమాన సంఘానికి ప్రెసిడెంటు సోమేశం, అతని చెల్లెలు పద్మలోచన, మేనబావ గవర్రాజు. ఏడు సంపుటాలూ చదివారు, మూడు సినిమాలూ చూశారు. రాణి మేఘవల్లి వడ్డాణానికి ఎన్ని పూసలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

"పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నమ్మడమే తెలివంటే. సగం నమ్మేవాడికి సగం తెలివే" అనేవాడు సోమేశం. మిగతా ఇద్దరూ పూర్తిగా తలూపేవారు.

లోచనకి ఒకటే కల. తల మీంచి పాదాల దాకా జారే రాణిగారి నీలిమబ్బు మేలిముసుగు ఒక్కసారి కప్పుకుని నలుగురి ముందూ నిలబడాలి. రోజూ దోమతెర కప్పుకుని అద్దం ముందు నిలబడేది. కూరలు మాడేవి. రాణులు కూరల సంగతి పట్టించుకోరు కదా!

అలా ఉండగా ఊళ్ళోని పాత టాకీసుకి మూడో సినిమా మళ్ళీ వచ్చింది. దాంతోపాటు అందులో వాడిన అసలు దుస్తులూ ప్రదర్శనకి వచ్చాయి. వాటిని తెచ్చిన కాస్ట్యూమర్ పరాంకుశం గారు పెట్టె తెరిచి చూస్తే మేలిముసుగంతా ముడతలే. ఎదురుగా ఈ ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాపం, ఆయన ఊరికి కొత్త.

"అమ్మాయ్, దీన్ని ఇస్త్రీ చేయించి నాలుగింటికల్లా తెచ్చెయ్యి. ముడతన్నది ఉండకూడదు. జాగ్రత్తగా తెచ్చావంటే సాయంత్రం ఆటకి ముందు దీన్ని కప్పుకుని స్టేజీ మీద నిలబడేది నువ్వే" అన్నాడు.

లోచన కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇంటికి తెచ్చారు. గవర్రాజు బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేశాడు.

"సన్నటి వేడి చాలు కదా, బావా?" అంది లోచన.

"సన్నటి వేడేంటి మరదలా, అవమానం! నిప్పు దాన్ని అంటదు. మూడో సంపుటం, నూట పన్నెండో పేజీ."

"అవును సుమా, మర్చేపోయాను" అని లోచన సిగ్గుపడింది.

అంతే. పెట్టె నిండా బొగ్గులు పోసి, ఎర్రగా విసిరి, మేలిముసుగు మధ్యలో పెట్టి, ముగ్గురూ టీ తాగడానికి కూర్చున్నారు. టీ అయ్యాక పెట్టె తీసి చూస్తే, దాని కింద పెట్టెంత మేర గుడ్డ లేదు.

"కాలిందా?" అంది లోచన గుండె పట్టుకుని.

"నిప్పు అంటదని చెబుతుంటే కాలుతుందేమిటే!" అని కసిరాడు సోమేశం. "మాయమైంది. మహిమ! రాణిగారి శత్రువుల కంటికి మేలిముసుగు కనబడదు. రెండో సంపుటం. గవర్రాజూ, అక్కడ నీకేం కనిపిస్తోంది?"

"బల్ల."

"నాకూ బల్లే. లోచనా, నీకు?"

"బల్లే, అన్నయ్యా" అని ఆమె భోరుమంది. "అంటే మనం ముగ్గురం రాణిగారి శత్రువులమా?"

ఇంకేముంది, ఇల్లంతా ఏడుపే. చివరికి సోమేశమే తేరుకున్నాడు. అయిదో సంపుటంలో ఒక శత్రువు ఆ మేలిముసుగుని ఏడు నీళ్ళతో కడిగితే రాణి క్షమించేసింది. అంతే, గంగాళం తెచ్చారు. బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు, కాలవ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, గోలీసోడా, చారు పోశారు. ఏడోది తోచలేదు. లోచన ఎలాగూ ఏడుస్తోంది కాబట్టి ఆమెని గంగాళం మీదికి వంచారు.

ఎత్తి చూస్తే నీలిరంగంతా నీళ్ళలోకి దిగిపోయింది. గుడ్డ ముడుచుకుపోయి తువ్వాలంత అయింది.

"చూశారా! క్షమించి ఎలా ఒదిగిపోయిందో!" అని గవర్రాజు దణ్ణం పెట్టాడు.

"ఇంత ఒదిగితే నాకు మోకాళ్ళకైనా రాదు, బావా!"

"సాగదీస్తే సరి!"

ఒక కొస అన్నయ్య, ఒక కొస బావ పట్టుకుని లాగారు. పర్రుమంది. ఇద్దరూ చెరో వైపు వెల్లకిలా పడ్డారు, చెరో ముక్కతో.

"బావా, రెండయ్యాయి!" అన్నాడు గవర్రాజు కళ్ళు పెద్దవి చేసి.

"ఆయన ఇచ్చింది ఒకటి, మనం ఇచ్చేది రెండు. ఇంత నిజాయితీ ఆయన జన్మలో చూసుండడు" అన్నాడు సోమేశం.

నాలుగింటికి ఠంచనుగా వెళ్ళి పరాంకుశం గారి చేతుల్లో చెరో ముక్కా పెట్టారు. ఆయన అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"ముడత ఒక్కటైనా ఉందేమో చూడండి బాబాయి గారూ" అంది లోచన గర్వంగా.

ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు. కానీ మేలిముసుగు చూపిస్తామని ఊరంతా మైకులో చెప్పించారు, టైము లేదు, మరో అమ్మాయీ దొరకలేదు. ఇక చేసేదేముంది? టాకీసు వెండితెర ముందు తాళ్ళతో పైకీ కిందికీ లాగే నీలి మఖమల్ తెరని ఊడదీసి, లోచనకి చుట్టి, పిన్నీసులు గుచ్చాడు. నిజం చెప్పొద్దూ, అచ్చం రాణిలాగే ఉంది.

"నోరు తెరవకు. తెర దించేదాకా అక్కణ్ణుంచి కదలకు" అన్నాడు. నలభై ఏళ్ళు నాటకాల్లో పనిచేసిన మనిషి, అందరికీ చెప్పే మాటే చెప్పాడు. చెప్పి, తలకి అమృతాంజనం రాసుకుంటూ లాడ్జికి పోయాడు.

లోచన నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. కల నిజమైంది. దీపాలు ఆరాయి, సినిమా మొదలైంది. లోచన కదల్లేదు. సైన్యాలన్నీ ఆమె పొట్ట మీదుగా నడిచి వెళుతున్నాయి.

"ఏయ్ రాణీ, పక్కకి జరుగు! నీ కొప్పు అడ్డం!" అని బెంచీల వాళ్ళు అరిచారు.

టాకీసు ఓనరు పరిగెత్తుకొచ్చి, "దిగమ్మా తల్లీ!" అని బతిమాలాడు. లోచన కనురెప్ప కూడా కొట్టలేదు.

"తెర దించితేగానీ కదలదండీ. మా చెల్లి మాటంటే మాట" అన్నాడు సోమేశం ముందు వరసలోంచి.

"తెర దాని ఒంటి మీదే ఉంది కదయ్యా!"

సోమేశం ఆలోచించాడు. "నిజమే. కిందే ఉన్నదాన్ని దించడం ఎలా కుదురుతుంది? దించాలంటే ముందు ఎత్తాలి కదా, గవర్రాజూ!"

"అందుకే నువ్వు ప్రెసిడెంటువి, బావా!"

ఓనరు నెత్తి బాదుకుని పరాంకుశం కోసం లాడ్జికి పరిగెత్తాడు. ఈలోగా బావలిద్దరూ స్టేజీ ఎక్కి, తెర తాడుని లోచన భుజాల వెనక మఖమల్‌కి బిగించి, గిలక మీంచి లాగారు. లోచన లేచింది. రెండు నిలువుల ఎత్తున గాల్లో వేలాడింది. సరిగ్గా అప్పుడే వెనకాల సినిమాలో రాణి మేఘవల్లి వజ్రగిరి మీదుగా ఎగరడం మొదలుపెట్టింది. లోచన ఒళ్ళు పులకరించింది. రెండు చేతులూ చాపింది, కాళ్ళు ఆడించింది. హాలంతా లేచి నిలబడి ఈలలు, కేకలు, చప్పట్లు.

ఇంకేముంది! అన్నయ్యకీ బావకీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. తమ రాణి ఎగురుతుంటే అభిమానులన్నవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారా? ఇద్దరూ ఒక్కసారే తాడు వదిలేసి, చప్పట్లు కొట్టారు.

తెర దిగింది.