కందిపొడిలో వెల్లుల్లి

వేదవతి టీచరుగారిని ఏదైనా అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు వంటపాఠాలు చెప్పి, రిటైరయ్యాక చీరాలలో పొడుల కేంద్రం పెట్టినప్పుడు కూడా ఆ అలవాటు మారలేదు. ఉప్పు ఎంత వెయ్యాలని అడిగినవాళ్ళకి ముందు ఉప్పులేని ముద్ద తినిపించేవారు. మేం పదహారుమంది ఆడవాళ్ళం అలాగే నేర్చుకున్నాం. మాలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేది సువర్చల. టీచరుగారి తరవాత కేంద్రం చూసుకోవలసింది తనేనని మాకందరికీ తెలుసు.

ఆ ఏడు హైదరాబాదులో ఒక పెద్ద దుకాణంవాళ్ళు మా కందిపొడికి మూడు నెలలపాటు ఒక అర కేటాయిస్తామన్నారు. సరుకు కదిలితే ఆ అర మాదే. కదలకపోతే ప్యాకెట్లు వెనక్కి వస్తాయి, కొత్తగా పనిలో చేరిన ఆరుగురు ఇళ్ళకి వెళ్ళాలి. మా పేరు ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరో ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ చేత చెప్పించాలన్నారు. ఒక్కరితో ఒప్పందం చేసుకునే స్తోమతే మాకుంది. రెండోసారి ప్రయత్నించే అవకాశం లేదు.

విజయవాడ నుంచి కిరీటి అనే ప్రచార ఏజెంటు కాగితాలు పట్టుకుని ఉదయాన్నే దిగాడు. ముప్పై దాటని కుర్రాడు, మాట మెత్తన. లాస్యశ్రీ అనే అమ్మాయికి తొమ్మిది లక్షలమంది ఫాలోయర్లు ఉన్నారని, మధ్యాహ్నంలోగా సంతకాలైతే ఆమె మా పొడి చేతబట్టుకుని కనిపిస్తుందని చెప్పాడు. సువర్చల మొహం వెలిగిపోయింది. అయినా పెన్ను తీసుకోబోయి ఆగి, టీచరుగారిని పక్కకి పిలిచింది.

"తొమ్మిది లక్షలంటే మాటలు కాదు టీచరుగారూ! కానీ వీటిలో దొంగ అంకెలు కూడా ఉంటాయట. డబ్బిచ్చి కొనుక్కుంటారట. అవతల నిజంగా మనుషులున్నారో లేదో ఇక్కడ కూర్చుని మనకెలా తెలుస్తుంది?"

టీచరుగారు పెరట్లో పొయ్యిమీద వేయిస్తున్న కందిపప్పు మీంచి కళ్ళు తిప్పలేదు. "మనల్ని ఇంకెవరైనా అడిగారా?" అన్నారు.

ఒకావిడ అడిగింది. నరసరావుపేటలో బట్టలు కుడుతూ, పొద్దుటి వంట ఫోనులో తీసి పెట్టే రమీజా. ఒక ప్యాకెట్ పంపితే వండి చూపిస్తానని తనే ఫోన్ చేసింది. పంపాం కూడా. ఆమెకి ఉన్నది పదకొండు వేలమందే కావడంతో సువర్చల ఆ సంగతి అక్కడితో వదిలేసింది.

"అయితే ఇద్దరి చేతా ఇవాళ పదింటికి ఒకే ఒక్క ప్రశ్న అడిగించు. కందిపొడిలో వెల్లుల్లి వెయ్యాలా, వద్దా? అంతకుమించి ఒక్క ముక్క వద్దు."

"అంతేనా?" అంది సువర్చల.

"పప్పు మాడుతోంది, జరుగు" అన్నారు టీచరుగారు.

కిరీటికి ఇది తేలిక పనిగా తోచింది. వెంటనే ఫోన్ చేశాడు, రమీజాకి సువర్చల చేసింది. నమూనా ప్యాకెట్ లాస్యశ్రీ దగ్గర ఎలాగూ ఉంది. పది గంటలకల్లా ఆమె వీడియో వచ్చేసింది. మంచి పట్టుచీర కట్టుకుని, చిరునవ్వుతో ప్యాకెట్ ఎత్తి చూపించి, ప్రశ్న అడిగింది. మేం చేతులు తుడుచుకుని సువర్చల ఫోను చుట్టూ మూగాం. అయిదు నిమిషాల్లో నాలుగు వేల లైకులు! ఆ అంకె మా కళ్ళముందే పరుగెత్తుతుంటే మాలో ఒకావిడ చప్పట్లు కొట్టింది. కిరీటి గర్వంగా కుర్చీ వెనక్కి వాలాడు. సువర్చల కామెంట్లు పైకి చదవడం మొదలుపెట్టింది.

"సూపర్. నైస్. సూపర్ డియర్. మూడు నిప్పు బొమ్మలు. నైస్ ఫొటో..." ఇక్కడ కాస్త తడబడింది, ఎందుకంటే అది ఫొటో కాదు. "సూపర్. హ్యాపీ బర్త్‌డే. నైస్..." వందకి పైగా చదివింది. గొంతు నెమ్మదించింది. వెయ్యమన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు.

"అవతలావిడది చూడు" అన్నారు టీచరుగారు.

రమీజా కుట్టుమిషను పక్కనే మా ప్యాకెట్ పట్టుకుని నిలబడి, భుజాన టేపు తీయకుండానే అడిగింది. పావుగంట దాకా ఒక్కరూ పలకలేదు. సువర్చల ఫోను బల్లమీద పెట్టేయబోయింది. అప్పుడు టింగుమంది.

"వెల్లుల్లి లేకపోతే అది కందిపొడి ఎలా అవుతుంది రమీజక్కా?"

ఆ వెంటనే ఇంకొకటి. "మా ఇంట్లో వెల్లుల్లి వేస్తే మా మామ్మ ఆ జాడీ ముట్టుకునేది కాదు. కందిపప్పు వాసన చంపేస్తుంది." దానికి బదులుగా ఒంగోలు ఆయన ఒకరు, "మీ మామ్మగారికి దణ్ణం, కానీ నాలుగు రెబ్బలు పొట్టుతో కచ్చాపచ్చాగా దంచి వెయ్యండి, ఆ తరవాత మాట్లాడదాం" అన్నాడు. శ్రీకాకుళం నుంచి ఒకావిడ, "అసలు దాన్ని కందిగుండ అంటారు, ముందు పేరు సరిగ్గా చెప్పండి" అని దిగింది. లారీ నడిపేవాడొకడు దాబా దగ్గర ఆగి మరీ రాశాడు. వేడన్నం, నెయ్యి ఉంటే వెల్లుల్లి ఉన్నా లేకపోయినా తనకి ఒకటేనట. అతన్ని రెండు పక్షాలవాళ్ళూ కలిసి తిట్టారు.

ఇక ఆగలేదు. సువర్చల ఒకటి చదివేలోపు పది వచ్చిపడుతున్నాయి. చదువుతూ చదువుతూ తనే లేచి నిలబడింది. రోట్లో పోటు ఆగిపోయింది, మా పదహారుమందీ రెండు వర్గాలైపోయాం. మిరపకాయల తొడిమలు తీసే సామ్రాజ్యమ్మ అయితే, "ఆ మామ్మగారి పిల్లకి నా మాటగా చెప్పు!" అని గట్టిగా అరిచింది. మధ్యమధ్యలో రమీజా ఒక్కొక్కరికీ జవాబులిస్తోంది. ఒకావిడతో, "నువ్వు అలాగే అంటావని తెలుసు పద్మక్కా. పాపకి జ్వరం తగ్గిందా?" అని రాసింది. తగ్గిందని, రాత్రి ఇడ్లీ తిన్నదని ఆవిడ చెప్పింది. ఈ పొడి ఎక్కడ దొరుకుతుందని అప్పటికి ముప్పైమందికి పైగా అడిగారు.

అంతలో సువర్చల ఠక్కున ఆగిపోయింది. ఫోను వెనక్కి తిప్పుకుంది.

"ఏమైంది?" అన్నారు టీచరుగారు.

"ఏం లేదండీ. ఎవరో... రమీజాకి చెప్పి తీయించేస్తాను."

"చదువు."

సువర్చల గొంతు తగ్గించి చదివింది. "వెల్లుల్లి సంగతి తరవాత. ఈ చీరాల పొడి పోయినేడు గుంటూరు ఎగ్జిబిషన్లో కొన్నాను. జీలకర్ర మాడింది. నాలుక చివర చేదు తగిలింది."

సంతకాలు జరగాల్సిన రోజున, ఏజెంటు ఎదుట, మా పొడి మీద ఆ మాట. సువర్చల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టీచరుగారు మాత్రం గరిటె వదిలేసి గబగబా వచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి అంత వేగంగా నడవడం మేమెప్పుడూ చూడలేదు. ఫోను అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, తనే మరోసారి చదువుకున్నారు. ఆవిడ మొహం పండగలా ఉంది.

"తిన్నది!" అన్నారు. "ఈవిడ తిన్నదే సువర్చలా! చివర చేదు తగిలిందని రాసింది చూడు. అది నిజం. ఆ వాయికి జీలకర్ర వేయించింది నేను. ఎవరో పలకరిస్తే అటు తిరిగాను, మాడింది. పోనీలే, ఎవరికీ తెలియదులే అనుకుని కలిపేశాను."

అప్పటికప్పుడే రమీజాకి ఫోన్ చేయించారు. తన మాటగా అందరూ చూసేచోట ఇలా రాయమన్నారు: "అమ్మా, మీరన్నది నిజం. తప్పు నాది. అడ్రసు పంపండి, సరైన పొడి పంపుతాను." అది పెట్టిన క్షణం నుంచి మళ్ళీ సందడి మొదలైంది. ఆ గుంటూరావిడ అడ్రసు పంపింది. పంపుతూ, "నాకు మాత్రం వెల్లుల్లి వేసినదే కావాలి" అని ఒక ముక్క చేర్చింది.

కిరీటి కాగితాలు సంచిలో పెట్టేసుకున్నాడు. లాస్యశ్రీ ఒక్కరికైనా జవాబిచ్చిందా అని సువర్చల అడిగితే, అవన్నీ వేరేవాళ్ళు చూసుకుంటారని నేల చూస్తూ చెప్పాడు. తనకి ఆ అంకెలు పైనుంచే వస్తాయని, తనెప్పుడూ లోపలికి తొంగి చూడలేదని అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. టీచరుగారు అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆకు వేసి, వేడన్నం పెట్టించి, తన చేత్తో కందిపొడి వడ్డించి, నెయ్యి వేశారు. కిరీటి మొహమాటంగా ఒక ముద్ద కలుపుకున్నాడు, రెండో ముద్ద కలిపాడు, మూడోదానికి తలెత్తాడు.

"బాగుందండీ. కానీ మా అమ్మయితే ఇంకో రెండు రెబ్బలు వేసేదండీ" అన్నాడు.

పెరడు పెరడంతా నవ్వింది. సామ్రాజ్యమ్మ అతన్ని తన వర్గంలో చేర్చేసుకుంది. అతనూ నవ్వేశాడు. సంచీ తీసుకుని బయల్దేరేముందు, ఇకమీదట ఎవరి గురించైనా చెప్పేటప్పుడు ముందు తనే ఒక ప్రశ్న అడిగిస్తానని సువర్చలతో అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రమీజాతో ఒప్పందం కుదిరింది. సంతకం పెట్టాక సువర్చల పెన్ను మూస్తూ, పొద్దుటి నుంచి మనసులో ఉన్న మాట అడిగేసింది.

"మరి ఆ తొమ్మిది లక్షలమందీ ఎవరంటారు టీచరుగారూ?"

టీచరుగారు కొత్త వాయికి జీలకర్ర మూకుట్లో పోశారు. ఈసారి ఎవరు పలకరించినా అటు తిరిగేలా లేరు.

"ఏమోనమ్మా" అన్నారు. "ఒక్కళ్ళకీ ఆకలి వేసినట్టు లేదు."