చేపలరేవుకి దారి అడిగిన పిల్లి

అనగనగా ఒక అడవి అని మొదలుపెడదామంటే ఈ కథలో అడవి లేదు పిల్లలూ. విశాఖపట్నం ఉంది, దాని పక్కన సముద్రం ఉంది, ఆ ఒడ్డున ఒక పాత పెంకుటింటి అటక మీద నూకాలు అనే ముసలి పిల్లి ఉంది.

నూకాలుకి ఈ మధ్య మతిమరుపు వచ్చింది. ఏ గుమ్మంలో పాలు పోస్తారో గుర్తుండేది. ఏ గుమ్మంలో చీపురు విసురుతారో మరిచిపోయేది. దెబ్బ తిన్నాక గుర్తొచ్చేది. ఇది బుర్రా, జల్లెడా అని తనను తనే తిట్టుకునేది. పైకి మాత్రం మీసాలు దువ్వుకుని, ఈ ఊళ్ళో తనకు తెలియని సందు లేదనేది.

ఒకరోజు పొద్దున్నే ఆమె వియ్యపురాలు సన్యాసమ్మ అనకాపల్లి నుంచి బెల్లం లారీలో వచ్చి దిగింది. నూకాలు కూతురు ఆ ఇంటి కోడలు. కడుపుతో ఉంది. తొలి కాన్పుకి పుట్టింటికి పంపాలా వద్దా అని తేల్చుకోవడానికి అత్తగారే స్వయంగా వచ్చింది. పిల్లుల ఇళ్ళలో ఇది చిన్న సంగతి కాదు. పుట్టిన కూనల్ని ఒకచోట ఉంచరు కదా. అటక మీంచి కట్టెల సందుకి, అక్కడి నుంచి గోనెసంచుల వెనక్కి మారుస్తూనే ఉంటారు. ఎక్కడ పెట్టిందో అమ్మమ్మ మరిచిపోతే ఆ కూనల గతేమిటి?

అందుకే ఈ ఒక్కరోజూ తన మతిమరుపు బయటపడకూడదని నూకాలు గట్టిగా అనుకుంది.

సన్యాసమ్మ బెల్లం మండీలో ఎలుకలు తిని పెరిగింది. సముద్రపు చేప రుచి ఎరగదు. చేపలరేవు చూపించి, పడవలోంచి అప్పుడే దించిన వంజరం చేప తినిపిస్తానని నూకాలు మాటిచ్చింది. సాయంత్రం లారీ వెళ్ళిపోయేలోపు తిరిగి రావాలి.

"పదండి వదినగారూ, కళ్ళు మూసుకుని తీసుకెళ్తాను" అంది. కళ్ళు తెరుచుకునే బయల్దేరింది. అయినా తేడా ఏమీ లేకపోయింది.

ఆ సందూ ఈ సందూ తిరిగి, బీచ్‌లో జనం చూడ్డానికి పెట్టిన పెద్ద సబ్‌మెరైన్ దగ్గర తేలారు. చేపల పడవ ఇదేనా అని సన్యాసమ్మ అడిగింది. ఇదేననీ, ఇవాళ దానికి సెలవనీ నూకాలు చెప్పింది.

రెండోసారి మురీ మిక్చర్ బండి ఎదురైంది. చేప తినేముందు మరమరాలు తినడం మా ఊరి ఆచారం అంది నూకాలు. కింద రాలినవి ఇద్దరూ తిన్నారు. వాటినిండా ఉల్లిపాయలు, నిమ్మరసం, పచ్చిమిరపకాయలు. సన్యాసమ్మ చాలాసేపు తుమ్మింది. తుమ్ములు ఆగాక, ఆచారం బాగుందని మెచ్చుకుంది. వెళ్ళిన ఇంట్లో వంకలు పెట్టడం వాళ్ళ వంశంలో లేదు.

మూడోసారికి ఎండ నెత్తికెక్కింది. ఇసుక కాలుతోంది. మళ్ళీ ఆ సబ్‌మెరైన్ దగ్గరికే వచ్చారు, ఈసారి దాని తోక వైపు నుంచి.

"ఇది దాని చెల్లెలు" అంది నూకాలు.

సన్యాసమ్మ కాసేపు చూసింది. "అవును, పోలికలున్నాయి" అంది.

ఆ నెమ్మదైన మాటకి నూకాలు ముఖం వాడిపోయింది. ఇంకో అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. రేవుని ఈ మధ్య ఊళ్ళోంచి ఎత్తేశారని చెప్పచ్చు. చెబితే పరువు దక్కుతుంది. వియ్యపురాలు మాత్రం పస్తుతో లారీ ఎక్కుతుంది. పక్కన ఆమె కాలే పాదాలు ఒకటి మార్చి ఒకటి ఎత్తుతూ నిలబడి ఉంది.

నూకాలు కూలబడింది. "వదినగారూ, నాకు దారి గుర్తు లేదు. పొద్దుటి నుంచీ లేదు. దీనికి చెల్లెలూ లేదు."

జవాబు వినే ధైర్యం లేక, ఎదురుగా నీడలో పడుకున్న కుక్క దగ్గరికి నడిచింది. దాని పేరు అప్పలకొండ. ఒక పిల్లి వచ్చి కుక్కని దారి అడగడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. అప్పలకొండ దొర్లి దొర్లి నవ్వింది.

"ఏటే నూకాలూ, పిల్లివై ఉండి చేపలరేవుకి దారడుగుతన్నావా? ముక్కు ఎక్కడైనా పారేసుకున్నావేటి?"

"నవ్వడం అయ్యాక చెప్పు అన్నా. పొద్దు పోతోంది."

నవ్వడం అయ్యాక అప్పలకొండే లేచి ముందు నడిచింది. రేవు చేరేసరికి వంజరాలు ఎప్పుడో అమ్ముడైపోయాయి. చివరి పడవవాళ్ళు వల దులుపుతున్నారు. కంతల్లో చిక్కుకున్న నెత్తళ్ళు, వేలంతేసి చేపలు, టపటపా రాలాయి. సన్యాసమ్మ మొదటిది కొరికి కళ్ళు మూసుకుంది. ఒక్క తోక కూడా మిగల్చలేదు.

లారీ దగ్గర నూకాలు నేల చూస్తూ, అమ్మాయిని మీ దగ్గరే ఉంచుకోండి, నా బుర్రని నేనే నమ్మను అంది.

"చెల్లెలు అన్నప్పుడే పంపకూడదనుకున్నాను" అంది సన్యాసమ్మ. "మరుపు ఎవరికైనా వస్తుంది. నాకూ వస్తోంది, మా ఇంట్లో చెప్పలేదు. కానీ కూన కనబడకపోతే మీరు ఇంకెవరి కూననో చూపించి ఇదే అంటారేమోనని భయపడ్డాను. మీరు వెళ్ళి కుక్కని అడిగారు చూడండి, ఆ భయం పోయింది. వచ్చే పౌర్ణమికి అమ్మాయిని తీసుకొస్తాను. నేనూ ఉంటాను."

"ఇద్దరం మరిచిపోతేనో?"

"మీ అప్పలకొండగారు వెతికిపెట్టి నవ్వుతారు. నవ్వనిద్దాం వదినగారూ."

నీతి: మరిచిపోవడం తప్పు కాదు. మరిచిపోలేదని బుకాయిస్తే, మనల్ని నమ్మి వెంట వచ్చినవాళ్ళు కూడా దారి తప్పుతారు.