మూడు తెరలు మోసిన కార్డు

అనగనగా అంటున్నానని మరీ పాతకాలం అనుకోకండి. అప్పట్లో రాజులూ ఉన్నారు, కంప్యూటర్లూ ఉన్నాయి. అదెలా కుదురుతుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నా కథలో కుదిరింది, అంతే.

సముద్రం ఒడ్డున అలలపాడు అనే రాజ్యం ఉండేది. దాన్ని సుధన్వ మహారాజు ఏలేవారు. మనసు వెన్న, పంతం మాత్రం రాయి. ఆ రాజ్యంలో ఒక వింత ఆచారం ఉండేది. రాజుగారు తన చేత్తో ఏది పెంచినా దాన్ని మళ్ళీ ఎవరూ తగ్గించకూడదు. ఒక పండగనాడు రాజుగారు ముచ్చటపడి పాయసంలో బెల్లం పెంచారు. ఇక చూడండి, ఏళ్ళ తరబడి కోటలో అందరూ ఆ పాయసాన్ని కళ్ళు మూసుకుని మింగడమే. తీపి ఎక్కువైందని అన్నవాడు లేడు.

ఆ ఊరి ఏరు మూడు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. వేటకెళ్ళిన పడవలు ఆ పాయల్లోంచే ఇంటికి రావాలి. నీళ్ళ కింద ఇసుక మేటలు ఇవాళ ఉన్నచోట రేపు ఉండవు. అందుకని పాయకో కెమెరా పెట్టారు. కోటలో మూడు తెరల మీద ఆ మూడు పాయలూ కనిపిస్తాయి. మేట ఎటుందో చూసి, బూర ఊది, పడవలకు దారి చెబుతారు. ఈ పని చూసే అధికారిణి శాంభవి. ఆమె తండ్రి నూకయ్య పడవ నడిపే సరంగు. బూర ఊదినప్పుడల్లా ఆమెకు ఊరి పడవలన్నీ నాన్న పడవలే.

మూడు తెరల మీదా బొమ్మలు వేసేది కంప్యూటర్లో ఉండే ఒక పలక. దాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. దానికి పుట్టుకతో వచ్చిన వేగం ఒకటుంటుంది. అంతకు మించి పరుగెత్తిస్తే దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. పేరు పెద్దదే గానీ సంగతి చిన్నది. నడిచేదాన్ని ఉరికించడం.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలం వచ్చింది. వేట ఆగింది. శాంభవి రెండు తెరల్ని గుడ్డలో చుట్టి భద్రం చేసి పుట్టింటికి వెళ్ళింది. మిగిలిన ఒక్క తెర మీద రాజుగారు పొరుగు రాజుతో పడవపందెం ఆట మొదలుపెట్టారు. ఓడిపోయారు. రోషం పొడుచుకొచ్చింది. కార్డు వేగాన్ని తన చేత్తో తానే బాగా పెంచేశారు. తర్వాత వరసగా గెలుపే. కోటంతా చప్పట్లు కొట్టింది.

వేసవి పోయింది. పడవలు వేటకెళ్ళాయి. శాంభవి తిరిగొచ్చింది. కార్డు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు పాపం, అందులో చెప్పాల్సిందేదో ఉందని ఎవరికీ తోచలేదు. ఆమె మూడు తెరలూ తగిలించిందో లేదో, మధ్యాహ్నానికే సముద్రం మీద గాలివాన లేచింది. పడవలు చెల్లాచెదురై మూడు వైపుల నుంచీ వెనక్కి రాసాగాయి. సరిగ్గా అప్పుడే తెరలు మినుకుమని, వణికి, ఒక్కసారిగా నల్లబడ్డాయి.

మంత్రి తెరలు పాడయ్యాయన్నాడు. కొత్త తెరలు తెచ్చారు. అవీ నల్లబడ్డాయి. సేనాపతి తీగల్లో లోపం ఉందన్నాడు. కొత్త తీగలు తగిలించారు. మళ్ళీ చీకటే. పురోహితుడు కార్డుకు వేడి చేసిందన్నాడు. ఇద్దరు సేవకులు చెమటలు కక్కుతూ విసనకర్రలతో విసిరారు. కార్డు చల్లబడింది గానీ తెరలు వెలగలేదు.

ఇక్కడే నాకు శాంభవి మీద ముచ్చటేస్తుంది. కన్నతండ్రి తుఫానులో ఉన్నాడు. అయినా ఆ పిల్ల హడావుడి పడలేదు. అందరినీ కాస్త పక్కకు జరగమంది. తెరలన్నీ ఊడదీసింది. మొదట ఒక్కటే తగిలించింది. నిలకడగా వెలిగింది. దాన్ని తీసి రెండోది, తర్వాత మూడోది పెట్టి చూసింది. ఏది పెట్టినా ఒంటరిగా బాగానే ఉంది. అంటే తెరల తప్పు లేదు. రెండు కలిపింది. బొమ్మ వణికింది. మూడూ కలిపింది. చీకటి. అప్పుడు రెండు ఊడదీసి, మిగిలిన ఒక్క తెర మీద కార్డు వేగం ఎంతుందో చూసింది. చూసి రాజుగారి వైపు తిరిగింది.

ఒక్క తెర మోసేటప్పుడు ఈ వేగం చెల్లిందనీ, మూడు మోస్తూ ఉరకమంటే కార్డు కూలబడుతోందనీ, వేగం తగ్గించాలనీ చెప్పింది.

కోట గుండె ఆగింది. రాజుగారు పెంచినదాన్ని తగ్గించడమా అంటూ మంత్రి ఉలిక్కిపడ్డాడు. ఒక్క తెరతో బాగానే ఉంది కదా, మిగతా రెండూ వదిలేస్తే ఆచారమూ దక్కుతుంది, రాజుగారి మాటా దక్కుతుందని సలహా ఇచ్చాడు.

రాజుగారు తలూపబోయారు.

శాంభవి అడ్డు చెప్పలేదు. ఊడదీసిన రెండు తీగలు చేత్తో పట్టుకుని నిలబడింది. "అలాగే వదిలేస్తాను ప్రభూ. ఏ పాయ ఉంచాలో మీరే సెలవివ్వండి. మా నాన్న ఏ పాయలో వస్తున్నాడో నాకు తెలియదు."

కిటికీ బయట గాలి హోరు పెడుతోంది. రాజుగారు లేచి, కంప్యూటరు దగ్గరికి నడిచి, శాంభవి పక్కన కూర్చున్నారు.

"పెంచిన చెయ్యి నాదే. తగ్గించాల్సింది కూడా నేనే. ఎక్కడ నొక్కాలో చూపించమ్మా."

ఆమె చూపించింది. కార్డు తన పాత నడకకు వచ్చింది. తీగలు మళ్ళీ తగిలించగానే మూడు తెరలూ తెల్లగా, నిలకడగా వెలిగాయి. పడమటి పాయలో ఒక పడవ నేరుగా ఇసుక మేట మీదికి వస్తోంది. శాంభవి గుండెల నిండా గాలి పీల్చి బూర ఊదింది. పడవ పక్కకు తిరిగింది. ఒక్కొక్కటిగా ఊరి పడవలన్నీ ఒడ్డు చేరాయి. ఆ పడమటి పడవలోంచి నూకయ్య తలగుడ్డ పిండుకుంటూ దిగడం తెర మీద కనిపించాక గానీ శాంభవి ఏడవలేదు.

తుఫాను వెలిశాక రాజుగారు చిన్నపిల్లాడిలా ఆమె దగ్గరికొచ్చి, అసలు కొంచెం కూడా పెంచకూడదా అని అడిగారు. ఆమె నవ్వి, మూడు తెరలూ వెలిగించే ఉంచి, కాస్త పెంచింది, ఆగి చూసింది. ఇంకాస్త పెంచింది, మళ్ళీ చూసింది. తెర చిన్నగా వణకగానే ఒక మెట్టు వెనక్కి దించి, ఇక చాలంది. రాజుగారు సరేనన్నారు. ఆయన్ని కూడా నేను మెచ్చుకోకుండా ఉండలేను.

ఆ సాయంత్రం ఆయన వంటశాలకు స్వయంగా వెళ్ళి, పాయసంలో బెల్లం తగ్గించమన్నారు. కోటంతా కళ్ళు తెరిచి తాగింది.

పిల్లలూ, ఎంత బరువు మోయాలో తెలిశాకే ఎంత వేగం కావాలో అడగాలి. ఎక్కువైందని తెలిసిన రోజున తన చేత్తో తానే తగ్గించుకోగలవాడే నిజంగా పెద్దవాడు.