ట్రూడమ్మ ఉత్తుత్తి ఫొటో

అనగనగా అనగానే మీరంతా "ఒక రాజు" అంటారు. ఈ కథలో రాజు లేడు, సర్దుకు కూర్చోండి. సముద్రాల అవతల, జర్మనీ దేశంలో, ఫొటోలు తీసే పెట్టె మేకపిల్లంత ఉండే రోజుల్లో, బట్టలుతికి బతికే ఒకావిడ ఉండేది. ఆవిడకో కూతురు, పేరు ట్రూడ. మన నోటికి తగ్గట్టు ట్రూడమ్మ అందాం.

తల్లి మహా నవ్వులమారి. సబ్బు నురగ కళ్ళలో పడినా నవ్వే, చలికి వేళ్ళు కొంకర్లు పోయినా నవ్వే. ఊళ్ళో ఫొటోలు తీసే ముసలాయన ఒకనాడు, తను ఫొటో తీసేటప్పుడు నెత్తిన కప్పుకునే నల్లగుడ్డలు ఉతికిపెట్టినందుకు ఆవిడకో ఫొటో తీస్తానన్నాడు. ఆవిడ వెళ్ళి పెట్టె ముందు నిలబడింది. ఊపిరి బిగబట్టి, మెడ నిక్కబెట్టి, కొయ్యబొమ్మై నిలబడింది. ఆయన టక్కున నొక్కాడు. "హమ్మయ్య!" అని ఆవిడ మళ్ళీ నవ్వేసింది. ఏం లాభం, అప్పటికే అయిపోయింది.

ఆ చలికాలంలోనే తల్లి పోయింది. ఫొటో మిగిలింది. ఎన్నిసార్లు చూసుకున్నా అందులో అమ్మ గౌను ఉంది, అమ్మ బూట్లు ఉన్నాయి, అమ్మ లేదు. ట్రూడమ్మ ఆ ఫొటో పట్టుకుని ముసలాయన దగ్గరికి వెళ్ళింది.

"ఒక్క క్షణం ఆగి నొక్కి ఉంటే మా అమ్మ దొరికేది కదా తాతా!" అంది ముసలాయనతో.

"ఆ క్షణం నాకెప్పుడూ చిక్కలేదమ్మా. నువ్వు పట్టుకో చూద్దాం," అని ఆయన తన పాత పెట్టె ఆమె చేతిలో పెట్టాడు.

ఆ పెట్టెలో ఒక్కో ఫొటోకి ఒక్కో గాజు పలక పెట్టాలి. ట్రూడమ్మ ఒక ఉపాయం పన్నింది. ముందు పలక లేకుండానే టక్కుమనిపించేది. ఎదుటివాళ్ళు హమ్మయ్య అని ఊపిరి వదిలి, ముక్కు గోక్కుని, పక్కవాణ్ణి గిల్లేవాళ్ళు. ఈలోపు పలక తోసి మళ్ళీ నొక్కేసేది. ముందు ఉత్తిది, వెనక అసలుది. మనిషి ఉండేది ఆ వెనకదాంట్లోనే.

పెద్దయ్యాక పని అడగబోతే, పత్రిక నడిపే పెద్దమనిషి "ఆడపిల్లకి చేతులు వణుకుతాయి" అన్నాడు. ట్రూడమ్మ ఆయన్నే పెట్టె ముందు నిలబెట్టింది. ముందు ఉత్తిది, వెనక అసలుది. తన మొహంలో అంత చక్కని నవ్వుందని ఆయనకే తెలీదు పాపం! మర్నాటి నుంచి ఆమె ఆ పత్రికకి ఫొటోలు తీసింది. గనుల్లోకి దిగింది, ఓడలెక్కింది, యుద్ధాల వెంట నడిచింది.

ఇలా ఉండగా ఒక ఏడు సముద్రం గట్టు తెంచుకుని ఒక పల్లె మీద పడింది. ఇళ్ళు పోయాయి, మనుషులు మిగిలారు. మంత్రిగారి ముందు ఆ ఊరి ఫొటోలు పరిచారు. నిండా కొయ్యబొమ్మలే.

"ఈ ఊళ్ళో ప్రాణం లేదు. గట్టు మళ్ళీ కట్టడం దండగ. మూడు రోజుల్లో వీళ్ళని తలో దిక్కుకీ పంపేస్తాను," అన్నాడాయన.

ఈ మాట విని ట్రూడమ్మ మూడు పలకలు పట్టుకుని పడవెక్కింది. పడవ ఒరిగి ఒక పలక పగిలింది. మిగిలినవి రెండు.

ఊరంతా బురదలో వరసగా నిలబడింది. ఊపిరి బిగబట్టి, మెడ నిక్కబెట్టి, కొయ్యబొమ్మలై నిలబడ్డారు. ట్రూడమ్మ టక్కుమనిపించింది. హమ్మయ్య అన్నారు. గబగబా పలక పెట్టబోయి చూస్తే, ఏముంది? పలక అప్పటికే లోపల ఉంది! రెండు రోజులు నిద్రలేని కళ్ళు, ముందే పెట్టేసి మరిచిపోయింది. ఉత్తిదనుకున్నదే అసలుదైపోయింది.

ఆమె పాడైన పలక తీసి పడేసి, నెత్తిన చేతులు పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఇక ఒక్క పలకే ఉంది. ఇది కూడా పాడైతే మీ ఊరు పోతుంది. తప్పు నాదే."

రహస్యం తెలిశాక జనం ఊరుకుంటారా? పెట్టె ఇటు తిప్పితే "ఇది ఉత్తిదా, అసలుదా?" అటు తిప్పితే "ఇది అసలుదా, ఉత్తిదా?" ఇదివరకటి కంటే బిగుసుకుపోయారు.

ఆ ఊళ్ళో వీబ్కె అని ఒక ముసలమ్మ. వరదలో తన కోళ్ళని గౌనులో మూటగట్టుకుని ఇంటికప్పెక్కిన ఘటం. ఆవిడ ముందుకొచ్చింది.

"నవ్వమంటే నవ్వొస్తుందటే అమ్మాయ్? అసలు నిన్నెవరైనా ఫొటో తీశారా ఎప్పుడైనా?"

"లేదవ్వా."

"అయితే వెళ్ళి అక్కడ నుంచో. నేను నొక్కుతా."

ట్రూడమ్మ వెళ్ళింది. ఆ చివరి పలకని గుండెలకి హత్తుకునే ఉంది. వీబ్కె నల్లగుడ్డ నెత్తిన వేసుకుంది. అంతే! దేశాలన్నీ తిరిగి వేలమందిని తీసిన మనిషి ఊపిరి బిగబట్టి, మెడ నిక్కబెట్టి, కొయ్యబొమ్మై నిలబడిపోయింది. ఒక కోడి వచ్చి బూటు పొడిచింది. కదల్లేదు. రెండోసారి పొడిచింది. కదల్లేదు. మూడోసారి బూటు మీదెక్కి కూర్చుంది. అయినా కదల్లేదు!

వీబ్కె టక్కున నొక్కింది. "హమ్మయ్య!" అంది ట్రూడమ్మ.

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ముసలివాళ్ళు పొట్టలు పట్టుకున్నారు, పిల్లలు బురదలో దొర్లారు. అమ్మ కూడా సరిగ్గా ఇలాగే నిలబడిందని ట్రూడమ్మకి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. నవ్వూ వచ్చింది. మూడంగల్లో వెళ్ళి పలక తోసింది, పెట్టె వాళ్ళ వైపు తిప్పింది, నొక్కింది. ఆ నవ్వు అంత తొందరగా ఆగేది కాదులెండి.

మూడో రోజు మంత్రిగారు ఆ ఫొటో చూశాడు.

"ఇళ్ళు పోయి బురదలో నిలబడి నవ్వుతున్నారేమిటి వీళ్ళు?"

"బతికున్నారండీ, అందుకని," అంది ట్రూడమ్మ.

ఆయన కలం తీసి, గట్టు కట్టమని సంతకం పెట్టాడు. ఆ ఏటి మేటి ఫొటో ఇదేనని ట్రూడమ్మకి బంగారు పతకం కూడా ఇచ్చారు. పతకంతో ఆమెను ఫొటో తీద్దామని వస్తే, వెనక గుమ్మంలోంచి ఒకటే పరుగు!

నిండు నూరేళ్ళు బతికి ఆమె కన్నుమూసింది. గట్టు మీద పటం పెడదామని ఆ ఊరివాళ్ళు వెతికితే, ఆమె ఫొటో ఒక్కటీ లేదు. ఆమెను తీసింది ఒకే ఒక్కసారి, అదీ పలక లేని పెట్టెతో.

అందుకే ఆ గట్టు కింద పెళ్ళయినా పేరంటమైనా, ఫొటో తీసేవాడు ముందు ఒకటి ఉత్తిది టక్కుమనిపించాల్సిందే. అప్పుడు పెళ్ళికూతురి దగ్గర్నుంచి పండుముసలి దాకా అందరూ కావాలని ఊపిరి బిగబట్టి, మెడ నిక్కబెట్టి, కొయ్యబొమ్మలై నిలబడతారు. "అది ట్రూడమ్మ ఫొటో" అంటారు. ఆ తరవాత హమ్మయ్య అని నవ్వేస్తారు. అప్పుడు తీసేది వాళ్ళ ఫొటో.