చీల విరిగిన సున్నం గానుగ

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్లో గోడలు గట్టివి, నోళ్లు అంతకంటే గట్టివి.

ఊరి బయట ఒక సున్నం గానుగ ఉండేది. గుండ్రటి కాలువలో సున్నమూ ఇసుకా పోసి, ఎడ్లను కట్టి రాతి చక్రం తిప్పితే, గోడలు కట్టడానికి వెన్నలాంటి సున్నం వచ్చేది. ఎవరైనా ఉచితంగా ఆడించుకోవచ్చు. రాజుగారి కోటకూ కుమ్మరి కొట్టానికీ అదే సున్నం.

దాన్ని చూసుకోవడానికి జీతం భత్యం లేకుండా ముగ్గురు ముందుకొచ్చారు. ఒకడు ఇల్లరికం పోయాడు. ఇంకొకడు విసుగెత్తి మానేశాడు. చెంగమ్మ మిగిలింది. పొద్దున పెరుగమ్ముకుని, మధ్యాహ్నం గానుగ దగ్గరికి వచ్చేది. ఆమె ఇంటికి మాత్రం పడమటి గోడ లేదు. వానలొచ్చేలోగా కట్టుకోకపోతే పిల్లలతో తడవాల్సిందే. కట్టుకుందామనుకున్నప్పుడల్లా గానుగకు ఏదో ఒకటి వచ్చిపడేది.

అసలు చిక్కేమిటంటే, గానుగలో ఒక్క వస్తువూ ఆ ఊరిది కాదు. ఎడ్లను కట్టే మోకు ఒక ఊరిది. ఇరుసు మరో ఊరిది. చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగేసే ఇనుప చీల కొండమీది ఊరిది.

మొదట, మోకులు పేనేవాడు ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా మోకు లావు చేశాడు. అది కాడి రంధ్రంలో దూరలేదు. గానుగ ఆగింది. ఊరంతా చెంగమ్మ మీద పడింది. ఆమె రంధ్రం తొలిచి పెద్దది చేసింది.

తర్వాత వడ్రంగి, మేలు చేస్తున్నాననుకుని, ఇరుసు లావు చేశాడు. మళ్లీ గానుగ ఆగింది, మళ్లీ తిట్లు. రాతి చక్రం కన్నం చెక్కి చెక్కి చెంగమ్మ చేతులు బొబ్బలెక్కాయి. పోనీ, బాగుచేశాక ఒక్కడైనా మంచి మాటన్నాడా? గానుగ తిరుగుతున్నంతసేపూ చెంగమ్మ అనే మనిషి ఉందని ఎవరికీ తోచదు కదా.

మూడోసారి చీల విరిగింది. లావు ఇరుసుకు పాత చీల ఆగలేదు. కొత్తదానికోసం చెంగమ్మ కొండెక్కితే, కమ్మరి గంగులు కొలిమి ఆర్పేసి కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఊరికే చీలలు చేసిచ్చాననీ, నీ దగ్గర బొగ్గులున్నాయా అని ఒక్కరూ అడగలేదనీ, ఇక తనవల్ల కాదనీ అన్నాడు. తానూ ఎన్నడూ అడగలేదని గుర్తొచ్చి చెంగమ్మ సిగ్గుపడింది.

దిగివచ్చేసరికి గానుగ చుట్టూ జనం. ఆకాశంలో మబ్బులు. వర్తకుడు భద్రయ్య కొట్టు కట్టడం సగంలో ఉంది, రాజుగారి ధాన్యాగారమూ సగంలోనే ఉంది.

"చేతకానిదానివి ఈ పని నెత్తికెందుకు ఎత్తుకున్నావమ్మా? నా ధాన్యం తడిస్తే నీదే పూచీ," అన్నాడు భద్రయ్య.

చెంగమ్మ ఓపిక అక్కడితో సరి.

"ఆడేటప్పుడు గానుగ మీ అందరిదీ, ఆగినప్పుడు నా ఒక్కదానిదా బాబూ? నేను పోయి మట్టితోనైనా నా గోడ కట్టుకుంటాను. చీల కావలసినవాళ్లు కొండెక్కండి," అంది. అన్నట్టే వెళ్లిపోయింది.

కబురు విని రాజు మండిపడతాడని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం, ఆ చీల చేసేదెవరని అడిగాడు. ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు. వెంటనే ఊరివాళ్లను వెంటబెట్టుకుని కొండెక్కాడు. భద్రయ్య బొగ్గుల బస్తా మోశాడు. పైకెళ్లాక కొలిమి తిత్తి ఊదడం కూడా అతని వంతే అయింది. రెండు రోజులు అతని నోట మాట లేదు, ఊరు ఎంత ప్రశాంతంగా ఉందో.

గంగులు లావు ఇరుసుకు సరిపడే చీల చేసిచ్చాడు. ఇకమీదట కొలత మార్చేముందు కబురు చెయ్యాలని మోకులవాడికీ వడ్రంగికీ గట్టిగా చెప్పారు. సున్నం కావలసిన ప్రతివాడూ ముందు ఒక పూట గానుగ మరమ్మతు చెయ్యాలని కట్టుబాటు పెట్టారు.

గానుగ తిరిగింది. తొలి సున్నం చెంగమ్మ ఇంటికి వెళ్లింది. మోకాలెత్తు లేచిన మట్టిగోడ తీసేసి, ఊరివాళ్లే రాతిగోడ కట్టారు. ఆ వారమే వాన పడింది. చెంగమ్మ పిల్లలు పొడిగా ఉన్నారు.

పని సాగుతున్నప్పుడే పనిచేసేవాళ్ల మంచిచెడ్డలు చూడాలి. ఆగిపోయాక అరిస్తే గొంతునొప్పే మిగులుతుంది.